ఈమె నీకేమవుతుంది అని అడిగితే మన పిల్ల ఏ భాషలో చెప్పాలి?



నేను గురజాలలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. వయసు 20. మా ఇంట్లో పదో తరగతి దాటి కాలేజీ మెట్లెక్కింది నేనే మొదటివాణ్ణి. అందుకని ఏ ఫారం నింపాలన్నా, ఏ కాగితం చదవాలన్నా ఫోన్ నాకే వస్తుంది. మీలో చాలామందిది ఇదే పరిస్థితి అని తెలుసు. రేషన్ కార్డు దగ్గర్నుంచి పాస్‌పోర్టు దాకా తండాకి మనమే సచివాలయం.

ఈ పోస్టు కొంచెం పెద్దది, ఓపికగా చదవండి. విషయం ఏందంటే, తల్లితోనో తండ్రితోనో విమానం ఎక్కబోయే పిల్లల్ని ఎయిర్‌పోర్టులో ఆఫీసర్లు ఆపి "ఈమె నీకేమవుతుంది? మీ నాన్న పేరేంటి? ఎక్కడికి పోతున్నావు?" అని అడుగుతారు కదా, దాని గురించి. మనకీ విమానానికీ ఏం సంబంధం అనుకోవద్దు. మన పల్నాడు తండాల నుంచి కూడా ఇప్పుడు గల్ఫ్‌కి డ్రైవర్లుగా, క్రేన్ ఆపరేటర్లుగా పోతున్నారు. వాళ్ల భార్యాపిల్లలు ఒక నెల చూసి రావడానికి పోతున్నారు. మా అక్క కూడా అట్టాగే పోయింది.

మా బావ దుబాయ్‌లో క్రేన్ నడుపుతాడు. మూడేళ్లయింది ఇంటికొచ్చి. ఈ ఎండాకాలం అక్కకీ, ఆరేళ్ల మా మేనకోడలికీ నెల రోజుల విజిట్ వీసా తీశాడు. అక్కకి 27 ఏళ్లు, ఐదో తరగతి వరకే చదివింది. నేనూ అమ్మా ఎయిర్‌పోర్టు దాకా పోయాం. ఎయిర్‌పోర్టు పేరు చెప్పను, పేరుతో పని లేదు. టికెట్ లేని వాళ్లని లోపలికి రానివ్వరు కాబట్టి మేము బయట అద్దాల దగ్గరే నిలబడ్డాం. అక్క లోపల బ్యాగులు ఇచ్చేసింది, ఫోన్ చేసి చెప్పింది. తర్వాత ఇమిగ్రేషన్ లైన్లోకి పోయింది. అరగంటకి మళ్లీ ఫోన్ వచ్చింది. "తమ్ముడూ, పక్కన నిలబెట్టారు. పాపని వేరే అడుగుతున్నారు" అంది. గొంతు వణుకుతా ఉంది.

లోపల జరిగింది అక్క తర్వాత చెప్పింది. కౌంటర్లో ఉన్నాయన రెండు పాస్‌పోర్టులూ చూశాడు. పాప పాస్‌పోర్టులో తల్లి పేరు ముందు మా బావ ఇంటిపేరు ఉంది, ఎందుకంటే కాన్పు అప్పుడు ఆసుపత్రి వాళ్లు స్లిప్పు మీద అట్టా రాశారు, బర్త్ సర్టిఫికెట్టూ అట్టాగే వచ్చింది. అక్క ఆధార్‌లో, పాస్‌పోర్టులో మాత్రం పుట్టింటి ఇంటిపేరు. పేరొకటే, ముందున్న ఇంటిపేరు వేరు. పాప కొంచెం తెల్లగా ఉంటుంది, మా బావ పోలిక. ఆయన అక్క మొహం, పాప మొహం మార్చి మార్చి చూసి "నీ పోలిక లేదే" అన్నాడంట.

తర్వాత పాపని హిందీలో అడిగాడు, "యే కౌన్ హై?" అని. పాప అక్క కొంగు పట్టుకుని "యాడి" అంది. మన గోర్‌బోలిలో యాడి అంటే అమ్మ అని మన లంబాడీ వాళ్లందరికీ తెలుసు, మిగతా తెగల అన్నదమ్ముల కోసం చెప్తున్నా. ఆయన పాస్‌పోర్టులో చూశాడు. యాడి అని ఎక్కడా లేదు. "నామ్ యాడి హై?" అని మళ్లీ అడిగాడు. పాప తల ఊపింది. "నాన్న పేరేంటి?" అని ఈసారి తెలుగులో అడిగితే "బా" అంది. బా అంటే నాన్న. ఆరేళ్ల పిల్లకి అమ్మ పేరు యాడి, నాన్న పేరు బా. ఇంక వేరే పేరు ఎందుకుంటుంది?

అప్పుడు ఒక లేడీ ఆఫీసర్ని పిలిచారు. అక్క చేతిలోంచి పాప చెయ్యి విడిపించి నాలుగడుగుల దూరంలో కుర్చీలో కూర్చోబెట్టారు. అక్కకి కళ్లు తిరిగాయంట. ఆ మేడం కుర్చీ ముందు కింద గొంతుక్కూర్చుని, అక్క ఫోన్ తీసుకుని ఫోటోలు చూపిస్తా ఒక్కొక్కరి మీద వేలు పెట్టి ఎవరు అని అడిగింది. పాప అందరికీ చెప్పింది. తర్వాత బావకి వీడియో కాల్ చేయమన్నారు. రెండుసార్లు ఎత్తలేదు, డ్యూటీలో ఉన్నాడు. మూడోసారి హెల్మెట్‌తోనే ఎత్తాడు. పాప "బా!" అని అరిచి, మా మేక రెండు పిల్లల్ని ఈనింది, నల్లది నాది అని గోర్‌బోలిలో గడగడా చెప్పడం మొదలుపెట్టింది. ఆ మేడంకి ఒక్క ముక్క అర్థమై ఉండదు, కానీ నవ్వి స్టాంపు వేయమని చెప్పిందంట. మొత్తం 40 నిమిషాలు. విమానం అందింది.

బయట మా అమ్మ ఆ 40 నిమిషాలూ ఒకటే మాట, "పిల్లని తీసుకుంటారా?" అని. ఎంత చెప్పినా వినలేదు. ఎందుకు భయపడిందో తర్వాత రాస్తాను. ముందు అసలు ఈ ప్రశ్నలు ఎందుకు అడుగుతారో నేను చదివి తెలుసుకున్నది చెప్తాను.

ఎయిర్‌పోర్టులో మనల్ని చూసేది ఒకరు కాదు, ఇద్దరు. గేటు దగ్గర కార్డు చూసి, లోపల మెటల్ డిటెక్టర్‌తో తడిమేది సీఐఎస్ఎఫ్ వాళ్లు. 1999 డిసెంబరులో ఐసీ-814 విమానాన్ని హైజాక్ చేశాక, 2000 నుంచి ఒక్కో ఎయిర్‌పోర్టు భద్రత వాళ్ల చేతికి వచ్చింది. వాళ్ల పని ఆయుధాలు, పేలుడు సామాన్లు లోపలికి పోకుండా చూడటం. దేశం లోపల తిరిగే విమానాల్లో తల్లిదండ్రులతో పోయే మైనర్ పిల్లలకి విడిగా గుర్తింపు కార్డు అక్కర్లేదు, పెద్దవాళ్ల కార్డు ఉంటే చాలు. దేశం దాటి పోయేటప్పుడే రెండో మనిషి వస్తాడు. అది ఇమిగ్రేషన్, కేంద్ర హోం శాఖ కింద ఉంటుంది. ఎవరు పోతున్నారు, ఎవరితో పోతున్నారు, ఇష్టంతోనే పోతున్నారా అనేది వాళ్లు చూస్తారు. పిల్లల్ని అడిగేది ఎక్కువ ఇక్కడే.

కారణాలు రెండు. ఒకటి, పిల్లల్ని ఎత్తుకుపోయి అమ్మేవాళ్లు. రెండోది మనకి కొత్తగా అనిపిస్తుంది, సొంత తల్లో తండ్రో రెండోవాళ్లకి చెప్పకుండా పిల్లని తీసుకుని దేశం దాటిపోవడం. భార్యాభర్తలు విడిపోయినప్పుడు ఇట్టా జరుగుతుంది. దీనికోసం 1980లో హేగ్‌లో దేశాల మధ్య ఒక ఒప్పందం కుదిరింది. అట్టా తీసుకుపోయిన పిల్లని పాత ఇంటికి తిరిగి పంపాలని దాని సారాంశం. మన దేశం అందులో చేరలేదు. 2009లో ఇట్టాంటి కేసులోనే సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అమెరికా నుంచి తల్లి తీసుకొచ్చిన బాబు రెండేళ్లు దొరకలేదు, చివరికి సీబీఐ వెతికి తెచ్చింది, బాబుని తిరిగి అమెరికా తీసుకుపోవాలని కోర్టు చెప్పింది. ఇట్టాంటివి చూసే చాలా దేశాలు జాగ్రత్త పెంచాయి. దక్షిణాఫ్రికా అయితే 2015లో, పిల్లలతో వచ్చేవాళ్లు తల్లిదండ్రులిద్దరి వివరాలున్న బర్త్ సర్టిఫికెట్ చూపించాల్సిందే అని రూలు పెట్టింది, తర్వాత 2019లో సడలించింది. మన దగ్గర కూడా పిల్లలకి పాస్‌పోర్టు తీయాలంటే తల్లీ తండ్రీ ఇద్దరూ ఒప్పుకుంటున్నట్టు అనుబంధం-డి మీద సంతకం చేయాలి. ఒక్కరే చేయాల్సి వస్తే అనుబంధం-సి ఉంటుంది.

ఇంక మా అమ్మ భయం సంగతి. మా నాయనమ్మది కృష్ణ అవతల, దేవరకొండ వైపు తండా. మనకీ వాళ్లకీ మధ్య నది ఒక్కటే అడ్డం, సంబంధాలు ఇటూ అటూ కలుస్తానే ఉంటాయి. అక్కడ ఏం జరిగిందో మన గ్రూపులో చిన్నవాళ్లకి తెలియకపోవచ్చు. 1999లోనూ, మళ్లీ 2001లోనూ పేపర్లలో పెద్దగా వచ్చింది. నల్లగొండ జిల్లా లంబాడీ తండాల్లో పుట్టిన ఆడపిల్లల్ని దళారులు కొద్ది డబ్బులకి తీసుకుని హైదరాబాద్‌లో దత్తత సంస్థలకి చేర్చారు. అక్కడి నుంచి విదేశాలకి దత్తత ఇచ్చారు. విదేశీ దంపతులు సంస్థలకి డాలర్లలో కట్టారు. పోలీసులు దాడులు చేశారు, అరెస్టులు జరిగాయి, మిగిలిన పిల్లల్ని ప్రభుత్వ శిశువిహార్‌కి మార్చారు. నేను అప్పటికి పుట్టలేదు.

మన చరిత్ర రాసిన భంగ్యా భూక్య గారు, గీతా రామస్వామి గారు కలిసి 2001లో దీని మీదే ఒక అధ్యయనం రాశారు. ఒకప్పుడు లంబాడీల్లో పెళ్లికొడుకు వైపే ఓలి ఇచ్చేవాళ్లు, ఆడపిల్ల అంటే ఇంటికి బలం. భూములు చేజారి, కట్నం వచ్చి చేరాక, మూడో ఆడపిల్ల, నాలుగో ఆడపిల్ల బరువైపోయింది. పేదరికం పెంచింది, దళారి వాడుకున్నాడు. తప్పు తల్లుల మీదకి నెట్టి "లంబాడీలు పిల్లల్ని అమ్ముకుంటారు" అని మాట్లాడినవాళ్లు ఉన్నారు. ఆ మాట ఇప్పటికీ మనల్ని వెంటాడుతుంది.

మా నాయనమ్మ చెల్లెలి కోడలికి మూడో ఆడపిల్ల పుట్టినప్పుడు కూడా ఒకామె వచ్చిందంట. పిల్ల బాగా చదువుకుంటుంది, పెద్దయ్యాక మీ దగ్గరికే వస్తుంది అని చెప్పి ఇంగ్లీషు కాగితం మీద వేలిముద్ర అడిగిందంట. మా నాయనమ్మ చెల్లెలు చీపురు తీసుకుని తరిమింది. ఆ పిల్ల ఇప్పుడు మిర్యాలగూడలో ఉంది, ఇద్దరు పిల్లల తల్లి. పక్క గుడిసె పిల్ల మాత్రం పోయింది. ఎక్కడుందో, ఎవరిని అమ్మ అంటుందో ఎవరికీ తెలియదు. ఈ కథలు వింటా పెరిగిన మా అమ్మకి, యూనిఫాం వేసుకున్న మనిషి పిల్లని తల్లి నుంచి నాలుగడుగులు పక్కకి జరిపితే ఏం గుర్తొస్తుంది?

ఇక్కడే నన్ను బాగా తొలిచిన మాట ఒకటి చెప్తాను. ఆ రోజుల్లో విమానం ఎక్కిన మన తండా పిల్లల కాగితాలు చాలావరకు పైకి సరిగ్గానే ఉన్నాయి. దత్తతకి పద్ధతి లేదని కాదు. 1984లోనే లక్ష్మీకాంత్ పాండే కేసులో సుప్రీంకోర్టు విదేశీ దత్తతకి కట్టుదిట్టమైన పద్ధతి చెప్పింది. 1990లో కారా అనే సంస్థ వచ్చింది. తల్లి ఇష్టంతో పిల్లని వదులుకుంటున్నట్టు కాగితం ఉండాలి, కోర్టు ఆర్డరు ఉండాలి, పాస్‌పోర్టు ఉండాలి. అన్నీ ఉన్నాయి. తల్లి వేలిముద్ర ఉంది. ఆ తల్లికి అర్థమయ్యే భాషలో ఎవరన్నా అడిగారా అనేది మాత్రం ఏ కాగితంలోనూ లేదు. పాలు తాగే పిల్ల నోరు తెరిచి "నా యాడి ఈమె కాదు" అని చెప్పలేదు. 2001లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తల్లిదండ్రులు ఆ రకంగా పిల్లని వదులుకునే పద్ధతినే ఆపేస్తూ జీవో ఇచ్చింది. అప్పటికే ఎంతోమంది పోయారు.

అంటే కాగితం సరిగ్గా ఉన్న పరాయి పిల్ల దాటిపోయింది. కాగితంలో ఇంటిపేరు తేడా ఉన్న సొంత పిల్ల 40 నిమిషాలు ఆగింది. రెండు చోట్లా కాగితం తల్లినీ బిడ్డనీ పట్టలేకపోయింది. మా మేనకోడలి విషయంలో చివరికి పని చేసింది ఏంటి? ఒక మనిషి కింద కూర్చుని పిల్లని అడగడం, పిల్ల తన భాషలో తండ్రితో మాట్లాడటం. అందుకని నేను ఆ ప్రశ్నలకి వ్యతిరేకం కాదు. అడగాలి. మా అక్క కూడా అదే అంది. దుబాయ్ నుంచి ఫోన్ చేసినప్పుడు "అడిగితే అడిగారులే, ఎత్తుకుపోయేవాళ్లు దొరకాలి కదా. కానీ నా పిల్లని నా పిల్ల కాదన్నట్టు చూసిన చూపు మాత్రం మర్చిపోలేను" అంది. ఈ రెండు మాటలూ నిజమే. ప్రశ్న వేరు, చూపు వేరు.

ఆ చూపు వెనక ఇంకో సంగతి కూడా ఉంది, మన ఆడవాళ్లు తెలుసుకోవాలి. పది పాస్ కాని వాళ్లకి ఈసీఆర్ పాస్‌పోర్టు ఇస్తారు. 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద, గల్ఫ్ దేశాలతో కలిపి 18 దేశాలకి ఆ పాస్‌పోర్టుతో పనికి పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి కావాలి. 30 ఏళ్లు నిండని ఆడవాళ్లకి ఆ అనుమతి ఇవ్వరు. అందుకని ఏజెంట్లు విజిట్ వీసా మీద పంపి ఇళ్లల్లో పనికి పెడతారు, పాస్‌పోర్టు గుంజుకుంటారు. మన రాష్ట్రంలో కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్లు అట్టా పోయి పడిన బాధలు మీరు వార్తల్లో చూసే ఉంటారు. కాబట్టి 27 ఏళ్ల, ఐదు చదివిన, విజిట్ వీసా ఉన్న ఆడమనిషి కౌంటర్ ముందుకి రాగానే ఆఫీసర్‌కి అనుమానం వస్తుంది. నిజంగా భర్త దగ్గరికి పోయే మనిషికి అది అవమానం. ఏజెంట్ పంపిన మనిషికి అదే ఆఖరి తలుపు. ఆఫీసర్‌కి ఇద్దరూ ఒక్కలాగే కనిపిస్తారు, తేడా తెలిసేది మాట్లాడితేనే.

ఇంకో మాట. విమానం దగ్గర ఇంత అడుగుతారు, మిరప కోతల కాలంలో మన రోడ్ల మీద ఎవరు అడుగుతున్నారు? జనవరి నుంచి ఏప్రిల్ దాకా తెల్లవారుజామున మాచర్ల రోడ్డు మీద, దాచేపల్లి రోడ్డు మీద నిలబడి చూడండి. ఒక్కో ఆటోలో పదిహేను మంది, అందులో నలుగురైదుగురు బడి ఈడు పిల్లలు. ఎవరి పిల్లలు, ఎవరితో పోతున్నారు, బడి ఎందుకు మానారు అని ఆపి అడిగినవాళ్లని నేను చూడలేదు. రైల్వే స్టేషన్లలో అయితే ఆర్పీఎఫ్ వాళ్లు 2018 నుంచి నన్హే ఫరిస్తే అని పెట్టి, ఒంటరిగా తిరిగే పిల్లల్ని గుర్తించి ఇళ్లకి చేరుస్తున్నారు. మన ఆటోలకి అలాంటిది ఏమీ లేదు. పిల్లని కాపాడే ప్రశ్న టికెట్ కొన్నవాళ్ల పిల్లలకేనా?

సరే, బాధ చెప్పుకుని ఊరుకుంటే లాభం లేదు. పిల్లలతో పోయేవాళ్లకి మనం చేయగలిగింది చేద్దాం. నేను మా అక్క కాగితాలు మళ్లీ సరి చేయిస్తా నేర్చుకున్నది రాస్తున్నా.

మొదటిది, ఇంటిపేరు. మన ఆడవాళ్ల ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, పిల్లల సర్టిఫికెట్‌లో మెట్టినింటిది ఉంటుంది. ఒక దాంట్లో బాయి ఉంటుంది, ఒక దాంట్లో ఉండదు. రమావత్ ఒకచోట, రామావత్ ఒకచోట. కాన్పు అయిన రోజే ఆసుపత్రి స్లిప్పు మీద తల్లి పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాయించండి. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకి పుట్టిన తేదీ రుజువుకి బర్త్ సర్టిఫికెట్టే ఆధారం అని చట్టం మారింది. తండాలో, ఇంట్లో పుట్టినా నమోదు ఆపొద్దు.

రెండోది, ఒక్కరే పిల్లతో పోతుంటే పిల్ల బర్త్ సర్టిఫికెట్, పెళ్లి సర్టిఫికెట్, అవతల ఉన్న మనిషి వీసా, పాస్‌పోర్టు నకళ్లు, "నా భార్య నా బిడ్డని తీసుకుని నా దగ్గరికి వస్తోంది, నాకు సమ్మతం" అని ఆయన సంతకంతో ఒక ఉత్తరం, ఎత్తే ఫోన్ నంబరు ఒక కవర్లో పెట్టుకోండి. అది బ్యాగులో వేసి పంపేయొద్దు, చేతిలో ఉండాలి. విమానం టైముకి అవతలి మనిషి ఫోన్ పక్కనే పెట్టుకోవాలి.

మూడోది, పిల్లకి ముందే చెప్పండి. భయపెట్టి కాదు, ఆటలాగా. యాడి అసలు పేరేంటి, బా అసలు పేరేంటి, మన ఊరేంటి, ఎక్కడికి పోతున్నాం. "నిన్ను పక్కకి పిలిచి అడుగుతారు, అమ్మ కనిపిస్తానే ఉంటుంది, నీకు తెలిసింది చెప్పు" అని. అబద్ధం నేర్పొద్దు, పాఠంలాగా వల్లె వేయించొద్దు. వల్లించినట్టు చెప్తే ఆఫీసర్‌కి అనుమానం ఇంకా పెరుగుతుంది.

నాలుగోది, మనకి అర్థం కాకపోతే "తెలుగులో అడగండి సార్" అని మర్యాదగా, గట్టిగా చెప్పండి. పిల్లకి మన భాషే వస్తే ఆ భాష పేరు చెప్పండి. లంబాడీ అనండి, కోయ అనండి, ఎరుకల అనండి. సిగ్గు పడొద్దు. ఆ కౌంటర్ ముందు తల వంచుకుని నిలబడితే తప్పు చేసినట్టే కనిపిస్తాం.

దారిలో ఏ పిల్లయినా తెలియని మనిషితో భయంగా కనిపిస్తే 1098కి ఫోన్ చేయండి. రైల్లో అయినా, ఆటోలో అయినా, మన తండాలో ఇంగ్లీషు కాగితం పట్టుకుని తిరిగే కొత్త మనిషి కనిపించినా. ఈ ప్రశ్న అడగడం ఆఫీసర్ల పని మాత్రమే కాదు.

చివరిగా ఒక సాయం కావాలి. ఒక చిన్న కార్డు తయారు చేద్దామనుకుంటున్నా. ఒక వైపు తెలుగు, హిందీ, ఇంగ్లీషులో "ఈ పాప మాట్లాడే భాష ఇది" అని, రెండో వైపు ఆ భాషలో అమ్మ, నాన్న, అన్న, అక్క, ఇల్లు అనే మాటలు. పాస్‌పోర్టు కవర్లో పెట్టుకోవచ్చు, అంగన్‌వాడీలో టీచర్‌కి ఇవ్వొచ్చు, పోలీస్ స్టేషన్‌లో ఇవ్వొచ్చు. గోర్‌బోలి మాటలు నేను రాస్తాను. కోయ, ఎరుకల, సవర, గదబ, కొండదొర భాషల అన్నలు, అక్కలు మీ ఇంట్లో చిన్నపిల్ల అమ్మని ఏమని పిలుస్తుందో తెలుగు లిపిలో రాసి పంపండి. పుస్తకాల్లో ఉన్న మాట వద్దు. పిల్ల నిద్రలేచి ఏడ్చేటప్పుడు పిలిచే మాట కావాలి.